ముందు నుంచి కాదు, పక్క నుంచి చూడాలి

వరంగల్ భద్రకాళి గుడి దగ్గర కొత్త బండ్లకు పూజ జరుగుతుంటే కాసేపు ఆగి చూడండి. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి బొట్లు, గ్రిల్లుకు బంతిపూల దండ. ఇవన్నీ ముప్పై ఏళ్ల కిందా ఉన్నవే. మారింది బండి. మారుతి 800 బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీయాలంటే పూజారి నడుము వంచాల్సి వచ్చేది. టాటా పంచ్ మీదో, హ్యుందయ్ ఎక్స్‌టర్ మీదో అయితే దాదాపు నిలబడే గీయొచ్చు. బానెట్ అంత పైకి లేచింది.

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇదే పెద్ద ఫిర్యాదు. చిన్న కార్లన్నీ ఎస్‌యూవీ వేషం కట్టాయని, ముఖాలు కోపంగా ఉన్నాయని, ఒకదానికొకటి తేడా తెలియడం లేదని అంటారు. హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ మాట్లాడుకునే కుర్రాళ్లదీ ఇదే మాట, ములుగు రోడ్డు షెడ్లలో బండ్లు విప్పి బిగించే మేస్త్రీలదీ ఇదే మాట. షోరూంకు వచ్చే కుటుంబం మాత్రం "బండి జర ఎత్తుగుండాలె" అనే మొదలుపెడుతుంది. 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు పంచ్ కావడంతో ఆ మాట బలం ఏమిటో తేలిపోయింది.

రెండు వర్గాలూ బండిని ముందు నుంచే చూసి వాదించుకుంటున్నాయి. చిన్న కారు ముఖం ఫ్యాషన్, నాలుగేళ్లకు మారిపోతుంది. దాని అసలు రూపం పక్క నుంచి కనిపిస్తుంది. ఆ పక్క రూపాన్ని గీసిందెవరని అడిగితే జవాబులో డిజైనర్ పేరు మూడోదో నాలుగోదో అవుతుంది. మొదటి పేరు పన్ను చట్టానిది.

2006 బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. 2017లో జీఎస్టీ వచ్చాక కూడా ఈ గీత చెరగలేదు. పెట్రోల్ చిన్న కార్లకు 28 శాతం పన్ను మీద 1 శాతం సెస్సు, పెద్ద బండ్లకు సెస్సు చాలా ఎక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, వాటిని మించినవాటికి 40 శాతం అయింది. అంటే టేపు పెట్టి కొలిచినప్పుడు ఒక్క అంగుళం ఎక్కువైతే పన్ను రెట్టింపు దాటిపోతుంది. 3995 మిల్లీమీటర్ల కార్లు అన్ని ఉండటానికి కారణం ఇదే. మారుతి డిజైర్, మారుతి ఫ్రాంక్స్, కియా సైరోస్, స్కోడా కైలాక్, నాలుగింటిదీ అదే అంకె. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు డిజైనర్లు, గోడ మాత్రం ఒక్కటే.

ఆ గోడకు కొట్టుకుని మొదట నలిగింది డిక్కీ. 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో వచ్చిన తర్వాతి డిజైర్‌ను 3995కు కుదించారు. కోత మొత్తం వెనక భాగానికే పడింది. వెనక సీటు దాకా సెడాన్‌లా సాగిన గీత అక్కడ ఒక్కసారిగా తెగినట్టు ఉండేది. దాన్ని చూసి కార్ల ప్రియులు పెట్టిన మొరలో న్యాయం ఉంది. ఆ తర్వాతి తరాల్లో పైకప్పు వాలును ముందు నుంచే మొదలుపెట్టి, డిక్కీని ఎత్తు చేసి, ఆ కోతను చాలావరకు సర్దారు. 2024 నవంబర్‌లో వచ్చిన డిజైర్‌లో ఆ సర్దుబాటు బాగా కుదిరింది. పైగా కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు కూడా తెచ్చుకుంది.

పొడవు పెరగకూడదు, లోపల అయిదుగురు కూర్చోవాలి, కాళ్లకు చోటు కావాలి. అలాంటప్పుడు బండి ఇక పైకే పెరగాలి. కూర్చునే భంగిమను నిటారు చేస్తే మోకాళ్లు ముందుకు చాచాల్సిన పని తగ్గుతుంది, తక్కువ పొడవులో ఎక్కువ మంది పడతారు. ఇది కొత్త కిటుకేమీ కాదు. 1998లో శాంత్రో వచ్చినప్పుడు ఆ ఎత్తు చూసి ముఖం చిట్లించినవాళ్లు చాలామంది. మరుసటి ఏడాది వచ్చిన వ్యాగన్ ఆర్‌ను డబ్బా అన్నారు. తర్వాత ఆ రెండూ ఊరూరా తిరిగాయి. ఇప్పటి వ్యాగన్ ఆర్ పొడవు 3655 మిల్లీమీటర్లు, ఎత్తు 1675. దాన్ని అందగత్తె అని ఎవరూ అనరు. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన ధోవతితో వంగకుండా ఎక్కి, వంగకుండా దిగగలిగే బండి అది. సీటు తన నడుము ఎత్తులో ఉంటే మనిషి కూర్చోవడానికి పక్కకు జరిగితే చాలు. సీటు కిందికి ఉంటే కూలబడాలి, లేచేటప్పుడు తలుపు పట్టుకుని మూలగాలి. పరకాల, నర్సంపేట, జమ్మికుంట వైపు కుటుంబాలు కారు కొనేటప్పుడు అమ్మానాన్నలను వెంట తీసుకొచ్చి ఎక్కించి దింపి చూడటం ఉబుసుపోకకు కాదు.

బానెట్ ఎత్తుకు ఇంకో కారణం ఉంది. నడిచే మనిషిని కారు గుద్దితే తల వచ్చి బానెట్‌కు తగులుతుంది. పైరేకుకూ కింద ఉన్న గట్టి ఇంజనుకూ మధ్య ఖాళీ ఉంటే దెబ్బ తీవ్రత తగ్గుతుంది. ఇటు చూస్తే గుద్దుకున్నప్పుడు నలగాల్సిన ముందు భాగానికి పొడవు దొరకడం లేదు. 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబర్ నుంచి అన్ని కార్లకు ఢీకొట్టే పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబర్‌లో భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు మొదలయ్యాయి. మొండి ముక్కు, ఎత్తు బానెట్ ఈ లెక్కలన్నిటి మొత్తం. మారుతి 800 ముందు భాగం పలచగా, ముచ్చటగా ఉండేదని గుర్తుచేసుకునేవాళ్లు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పలచదనం వెనక రక్షణ కూడా పలచగానే ఉండేది.

ఇక రోడ్డు. ఉత్తర తెలంగాణలో చిన్న కారు కొనేవాళ్లు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగు భాగానికీ మధ్య ఉండే ఎత్తు, అడక్కుండా సంతకం పెట్టరు. జాతీయ రహదారి 163 మీద హైదరాబాద్ నుంచి హాయిగా వచ్చిన బండికి, ఊరి దారి పట్టగానే ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు పోసిన స్పీడ్ బ్రేకర్లు ఎదురవుతాయి. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్లలో వానాకాలం గుంత లోతెంతో దిగితే తప్ప తెలియదు. మేడారం జాతరకు పోయేవాళ్లు తాడ్వాయి దాటాక పార్కింగ్ కోసం చేలల్లోకి బండి దింపాలి. నలుగురు ఎక్కి, డిక్కీలో ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తా వేస్తే, కాగితం మీది అంకె ఇంకా కిందికి దిగుతుంది. స్విఫ్ట్‌కు 163 మిల్లీమీటర్లు, ఎక్స్‌టర్‌కు 185, పంచ్‌కు 187. ఇరవై మిల్లీమీటర్ల పైచిలుకు తేడా. వేలి వెడల్పుకు కాస్త ఎక్కువంతే, కానీ అడుగు భాగం బరుక్కుంటూ పోయిన చప్పుడు ఒక్కసారి విన్నవాళ్లకు దాని విలువ తెలుసు.

కాబట్టి ఎత్తును వేషం అనడం సరికాదు. ఎత్తు అవసరం నుంచి పుట్టింది. దాని మూల్యం కూడా నిజమే. బరువు పైకి వెళ్లిన కొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది. లక్నవరం, ఏటూరునాగారం వైపు అడవి మలుపుల్లో పాత స్విఫ్ట్ నడిపి, ఆ చేత్తోనే ఎత్తు బండి నడిపితే ఆ ఒరుగు వెంటనే తెలుస్తుంది. ఇక్కడ కార్ల ప్రియుల బాధలో కల్తీ లేదు. చిన్న కారు అంటే చెప్పినట్టు తిరిగే బండి అని నమ్మి పెరిగినవాళ్లు వాళ్లు.

ఎత్తు అవసరమైనప్పుడు దాన్ని అందంగా మోయడమెలా అన్నదే అసలు డిజైన్ ప్రశ్న. దానికి పక్క నుంచి చూసినప్పుడే జవాబు దొరుకుతుంది. డిజైనర్లు కారు ఎత్తును చక్రాలతో కొలిచి చూస్తారు. నేల నుంచి పైకప్పు దాకా టైరుతో సహా ఎన్ని చక్రాలు ఒకదానిపై ఒకటి నిలబెట్టవచ్చన్నది లెక్క. స్విఫ్ట్‌కు రెండున్నర కన్నా కాస్త తక్కువ. పంచ్‌కు దాదాపు రెండున్నర. వ్యాగన్ ఆర్‌కు రెండు ముప్పావు దాటుతుంది. ఈ అంకె పెరిగిన కొద్దీ బండి కాళ్ల మీద కాక మునివేళ్ల మీద నిలబడ్డట్టు అనిపిస్తుంది. 2019లో వచ్చిన ఎస్-ప్రెస్సో మీద అన్ని విమర్శలు రావడానికి ముఖం కన్నా ఇదే ముఖ్య కారణం. 180 మిల్లీమీటర్ల క్లియరెన్స్, నిటారు బానెట్, అన్నీ ఎస్‌యూవీ లక్షణాలే. వెడల్పు మాత్రం 1520 మిల్లీమీటర్లు, చక్రాలు సన్నం. పంచ్‌దీ అదే ఉపాయం, కానీ వెడల్పు 1742. ఆ ఒక్క జానెడు తేడా బండి నిలబడే తీరునే మార్చేసింది.

మరి మారుతి 800కు ఈ లెక్క వేస్తే? పన్నెండు అంగుళాల చక్రాలు. అంకె వ్యాగన్ ఆర్‌కు దగ్గరగానే వస్తుంది. అయినా అది పొట్టిగా ముద్దుగా ఉండేదే తప్ప ఎబ్బెట్టుగా ఉండేది కాదు. కారణం అద్దం. ఆ కారు తలుపులో పై సగం గాజే. రేకు పట్టీ సన్నం కాబట్టి చిన్న చక్రం దాని కింద ఇమిడిపోయేది. ఇప్పటి తలుపుల్లో పక్క నుంచి వచ్చే గుద్దును ఆపడానికి రేకు భాగం పెరిగింది, అద్దం కుంచించుకుపోయింది. రేకు గోడ అంత ఎత్తున లేచినప్పుడు కింది చక్రం చిన్నబోతుంది. చక్రాల చుట్టూ, తలుపుల అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టీలు వేసేది ఈ గోడ ఎత్తును కంటికి తగ్గించడానికే. నలుపు నేలలో కలిసిపోతుంది, రంగు వేసిన రేకు సన్నగా కనిపిస్తుంది. చెల్క నేలల ఎర్ర దుమ్ము, కంకర దెబ్బలు ఆ ప్లాస్టిక్ మీద పడితే కడిగేస్తే పోతాయి. తెల్ల బండి కింది అంచున పడితే మరక మిగులుతుంది, రంగు లేస్తుంది. ఆ పట్టీలను నకిలీ అలంకారం అని కొట్టిపారేసేవాళ్లు ఒక వానాకాలం కమలాపూర్ వైపు తిరిగి వస్తే మాట మార్చుకుంటారు.

చక్రాల దగ్గర ఇంకో పొరపాటు అభిప్రాయం బలంగా ఉంది. టాప్ ఎండ్ బండికి పెద్ద చక్రాలని, బేస్ మోడల్‌కు చిన్నవని అనుకుంటారు. స్విఫ్ట్ బేస్ మోడల్‌కు 14 అంగుళాల రిమ్ము, టాప్‌కు 15. పంచ్‌కు 15, 16. కానీ టైరుతో కలిపి బయటి కొలత చూస్తే రెంటికీ దాదాపు సమానం. రిమ్ము చిన్నదైన చోట రబ్బరు గోడ మందంగా ఉంటుంది, అంతే. చూపుకు రిమ్ము పెద్దదైతేనే దర్జా, నిజం. గుంతలో దిగినప్పుడు దెబ్బ కాచుకునేది మాత్రం ఆ రబ్బరు గోడ. అలాయ్ చక్రాలు ఒక సైజు పెంచి, పలచటి టైర్లు వేయించుకున్న బండ్లకు టైరు పక్కన బుడగ లేవడం, రిమ్ము వంగడం పంక్చర్ షాపువాళ్లు రోజూ చూసే సంగతే. నర్సంపేట నుంచి రోజూ వచ్చిపోయే బండికి స్టీల్ రిమ్ము, మందపు టైరు ఉండటంలో చిన్నతనం ఏమీ లేదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే దారిలో పెంబర్తి తగులుతుంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద పరిచి, సుత్తితో తట్టి బొమ్మలు లేపుతారు. చదునైన రేకును చేతిలో పట్టుకుంటే లటలటలాడుతుంది. ఒక గీత లేపగానే బిగుసుకుంటుంది. కారు తలుపు మీద ముందు నుంచి వెనక్కి సాగే మడత గీత పని కూడా అదే. సన్నటి రేకుకు బలం ఇవ్వడం, కొట్టుకోకుండా చూడటం. మంచి డిజైన్‌లో ఆ గీత ఒకటో రెండో ఉంటాయి, మొదలూ చివరా ఉంటాయి. దీపం దగ్గర పుట్టి దీపం దగ్గర ముగుస్తాయి. ఆ నియమం మరిచి ఒక తలుపు మీదే నాలుగు గీతలు నాలుగు దిక్కులకు గీసిన చిన్న కార్లు గత పదేళ్లలో ఎక్కువయ్యాయి. షోరూం లైట్ల కింద అవి మెరుస్తాయి. పోచమ్మ మైదాన్ రద్దీలో ఒక ఆటో గీసుకుపోయాక అసలు కథ మొదలవుతుంది. చదునైన చోట పడ్డ సొట్టను డెంటింగ్ మేస్త్రీ లేపగలడు. పదునైన మడత మీద పడ్డ సొట్టను మళ్లీ అదే పదునుతో నిలబెట్టడం చాలా కష్టం. ఎక్కువసార్లు పుట్టీ మందంగా వేసి సరిపెడతారు, లేదా తలుపే మార్చమంటారు. పక్క గీతలు తక్కువున్న బండి పదేళ్ల తర్వాత కూడా నిండుగా కనిపించడానికి ఇదొక కారణం.

ముఖం సంగతికి వస్తే, అది అంత తరచుగా ఎందుకు మారుతుందో తెలిస్తే సగం కోపం తగ్గుతుంది. తలుపులు, పైకప్పు, వెనక రెక్కలు అచ్చుల్లో నొక్కే రేకు. ఆ అచ్చులు చాలా ఖరీదు. బంపర్, గ్రిల్లు, దీపాలు ప్లాస్టిక్. వాటి అచ్చులు మార్చడం ఆ లెక్కన చవక. ఫేస్‌లిఫ్ట్ పేరుతో వచ్చే బండిలో కొత్తదనమంతా ముందూ వెనకా ఉండి, పక్కన ఏమీ లేకపోవడం అందుకే. 2015లో వచ్చిన రెనో క్విడ్ ముఖం తీరుగా ఉండేది. 2019లో దీపాలను రెండుగా చీల్చి, సన్నటి లైట్లు పైన, అసలు హెడ్‌లైట్లు కింద బంపర్‌లో పెట్టారు. పంచ్, ఎక్స్‌టర్ కూడా ఆ దారిలోనే ఉన్నాయి. చీలిన దీపాల మీద విమర్శలో రుచి సంగతి పక్కన పెట్టినా, ఒక గట్టి అభ్యంతరం మిగులుతుంది. చిన్న చిన్న తాకిళ్లన్నీ బంపర్ ఎత్తులోనే జరుగుతాయి. స్కూటర్ వెనక చక్రమో, ఆటో మూలో తగిలేది అక్కడే. ఖరీదైన దీపాన్ని తీసుకెళ్లి ఆ ఎత్తులోనే పెట్టడం పొదుపు చేసి కారు కొనేవాళ్లకు మేలు చేయదు. కింద ఉన్న దీపం ఎదుటివాళ్ల కళ్లలో తక్కువ కొడుతుందన్నది ఒక మంచి గుణం, దాన్నీ లెక్కలో వేయాలి. అయినా తూకం వేస్తే నష్టమే ఎక్కువ.

స్విఫ్ట్ గురించి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ తరం కార్ల ప్రియులను తయారుచేసిన బండి అది. 2005లో వచ్చిన స్విఫ్ట్ పక్క నుంచి చూస్తే ఇప్పటికీ వంక పెట్టలేని రూపం. చక్రాలు నాలుగు మూలలకు జరిగి ఉంటాయి, అద్దాల స్తంభాలు నల్లగా ఉండటంతో పైకప్పు గాలిలో తేలినట్టుంటుంది. 2018 మోడల్‌లో వెనక తలుపు పిడిని కనబడకుండా కిటికీ పక్క నల్ల భాగంలోకి ఎత్తేశారు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారులా కనిపించాలని కోరిక. పిల్లలకు అందేది కాదు, పెద్దవాళ్లు తలుపు అంతా తడుముకునేవారు. 2024 మేలో వచ్చిన నాలుగో తరంలో పిడి తిరిగి తలుపు మీదికి వచ్చింది. రూపం కోసం చేసిన మార్పును వాడకం వెనక్కి తిప్పిన సందర్భం ఇది. అదే మోడల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ పోయి మూడు సిలిండర్లది వచ్చింది, శక్తి 90 నుంచి 82 పీఎస్‌కు తగ్గింది, మాన్యువల్ బండి మైలేజ్ లీటరుకు 24.8 కిలోమీటర్లకు పెరిగింది. పికప్ పోయిందని కార్ల ప్రియులు బాధపడ్డారు. ఆ బాధ అర్థమయ్యేదే. అయితే ఆరు ఎయిర్‌బ్యాగులు బేస్ మోడల్ నుంచే ఇచ్చిన సంగతిని అంతే గట్టిగా మాట్లాడుకోవాలి.

కియా సైరోస్ మీద 2025లో మొదలైన తగువు ఇంకా తాజాగా ఉంది. పెట్టెలా నిటారు వెనక భాగం, ముందు మూలల్లో నిలువు దీపాలు. చాలామంది కార్ల ప్రియులకు మొదటి చూపులో మింగుడుపడలేదు. వెనక సీటును జరపవచ్చు, వాల్చవచ్చు. నాలుగు మీటర్ల లోపల కుటుంబానికి అంత చోటు చేయడానికి పెట్టె ఆకారం తప్ప వేరే దారి లేదు. ఆ ఆకారాన్ని దాచకుండా ఒప్పుకున్న బండి అది. శాంత్రోకు జరిగినట్టే దీనికీ జరగవచ్చు, జరగకపోనూవచ్చు. మూడు మీటర్ల లోపే ఉన్న ఎంజీ కామెట్ మాత్రం వేరే లోకం. ఊళ్లో తిరగడానికి ముచ్చటైన విద్యుత్ బండి, బియ్యం బస్తాతో కరీంనగర్ పోవడానికి పుట్టింది కాదు.

ఒక రూపం నిలుస్తుందా లేదా అన్నది హనుమకొండలో ఏ సెకండ్ హ్యాండ్ కార్ కన్సల్టెన్సీకి పోయినా కనిపిస్తుంది. ఏపీ 36, టీఎస్ 03, టీజీ 03 నంబర్ల బండ్లను ఒకదానికొకటి ఆనించి వరుసగా నిలబెడతారు. చోటు చాలదు కాబట్టి రోడ్డు వైపు ముఖాలే కనిపిస్తాయి. అక్కడ కొత్త ముఖాల ముందు పాతవి వెలవెలబోతాయి, మొదటి తరం స్విఫ్ట్ కూడా. బేరానికి వచ్చినవాళ్లు అడిగితే బండిని బయటికి తీస్తారు. రోడ్డు పక్కన అడ్డంగా నిలబెట్టాక పది అడుగులు వెనక్కి జరిగి చూస్తే, చక్రానికీ రేకుకూ అద్దానికీ ఉన్న పొంతన అప్పుడు తెలుస్తుంది. ఇరవై ఏళ్లు కావస్తున్న ఏపీ 36 స్విఫ్ట్, నాలుగేళ్ల కింద కొన్న బండి పక్కన నిలబడి చిన్నబోదు.